చిత్రపటం నేల తాకరాదు

వెదుళ్ళపాలెం ఎస్సీ కాలనీ ప్రాథమిక పాఠశాలకు కారని కప్పు కావాలి, కూర్చునేందుకు బెంచీలు కావాలి. ఈ రెండింటి కోసం సువార్త టీచరు రాయని అర్జీ లేదు, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. చివరికి ఓ సోమవారం పైనుంచి సామాను వచ్చింది. అట్టపెట్టె విప్పి చూస్తే అందులో ఒక గుడ్డ సంచి, ఒక టీ కప్పు, తాళాల గుత్తికి తగిలించుకునే బిళ్ళ ఒకటి, సందర్శకుల కోసమని ఒక పొట్లం నిండా గుండ్రటి బ్యాడ్జీలు ఉన్నాయి. అన్నింటి మీదా ఒకే ఆవిడ బొమ్మ. నల్లగా, నిండుగా, మెళ్ళో ముత్యాల పేరుతో, ఎదుటివాడు అబద్ధమాడుతుంటే ఓపిగ్గా వింటున్నట్టు చూస్తోంది.

బడిలో అన్నం వండే మరియమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది.

"ఎవురమ్మా ఈమె? అచ్చం మా పర్చూరి మేనత్తే."

"మేరీ మెక్లియోడ్ బెథూన్ అంట పెద్దమ్మా. అమెరికా ఆమె. అక్కడ నల్లవాళ్ళ పిల్లలకి బడి పెట్టిందంట."

"మేరీ అంటే మనోళ్ళేగా" అని తేల్చేసి మరియమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ కాలనీలో ఆ బొమ్మ పేరు మేరీ మామ్మ.

సువార్తకు నవ్వొచ్చింది, కడుపు మండింది కూడా. నిరుడు వానల్లో కప్పు కారి, తడి గచ్చు మీదే కూర్చుని, మరియమ్మ మనవరాలు దీవెనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. జోరువానలో తండ్రి బండి మీద వేసుకుని ఒంగోలు తీసుకెళ్ళాడు. పిల్ల బతికింది. కానీ ఆ నెలలోనే నలుగురైదుగురు తల్లులు పిల్లల్ని బడి మాన్పించారు. మరికొందరు మానేస్తే ఈ బడిని ఎత్తేసి, హైవే అవతల ఉన్న ఊరి బడిలో కలిపేస్తామని ఆఫీసు అప్పటికే చెప్పి ఉంది. ఆ హైవే మీద లారీలు దున్నపోతుల్ని కూడా లెక్కచెయ్యవు. ఆ బడిలో కలపడమంటే సగంమంది చదువు అక్కడితో సరి.

ఈ సంచుల సంగతి ఎలా మొదలైందంటే, జిల్లాకు స్ఫూర్తి విభాగం ప్రత్యేకాధికారి అని కొత్తగా ఒకాయన వచ్చాడు. అధ్యయన యాత్ర మీద అమెరికా వెళ్ళి ఒక కాలేజీ ఆవరణలోని దుకాణంలో దూరాడు. అక్కడ గోడనిండా పూర్వపు నల్లజాతి విద్యావేత్తల బొమ్మలున్న సంచులూ, కప్పులూ, గొడుగులూ వేలాడుతున్నాయి. పిల్లలు వాటిని భుజాన వేసుకుని హాయిగా తిరుగుతున్నారు. ఆయన కాలేజీ లోపలికి వెళ్ళలేదు. వెళ్ళనక్కర్లేదనిపించింది. అభివృద్ధి రహస్యం సంచిలో ఉందని అక్కడే తెలిసిపోయింది. తిరిగొచ్చిన వారంలోనే జిల్లాలోని బడులన్నిటికీ ఒక్కొక్క మహనీయుణ్ణి కేటాయిస్తూ ఉత్తర్వు తీశాడు.

మండల విద్యాధికారి గుంటుపల్లి వీరాంజనేయులు టీచర్లందర్నీ సమావేశపరిచాడు. వీరాంజనేయులుకు రెండు భాషలు వచ్చు. మైకు ముందు ఫైలు భాష మాట్లాడతాడు. పైవాళ్ళ ఫోనొస్తే సొంత భాష.

"మిత్రులారా, ఇవి సంచులు కావు. స్ఫూర్తి వాహికలు" అన్నాడు మైకులో. "వీటికి మర్యాద నియమావళి కలదు. మహనీయుల చిత్రపటము గల ఏ వస్తువైనను నేలను తాకరాదు. ఎండకు వానకు గురికారాదు. పాదరక్షల సమీపమున ఉంచరాదు. ఆహారపదార్థములతో కలపరాదు. ఒకసారి ధరించిన చిత్రపటమును వేళ కాకుండా తొలగించుట అగౌరవముగా పరిగణింపబడును."

ఊరి బడి హెడ్మాస్టరు చలమయ్య లేచాడు. ఆయన వంతుకు నల్లవాళ్ళ కోసం కాలేజీ నడిపిన బుకర్ టి. వాషింగ్టన్ వచ్చాడు.

"సార్, ఈయన అమెరికా అధ్యక్షుడండీ?"

వీరాంజనేయులు కాగితం తిరగేసి చూశాడు. "వాషింగ్టన్ అని ఉంది కాబట్టి అధ్యక్షుడే అయి ఉండవచ్చును. సందేహములు రాతపూర్వకముగా ఇవ్వండి."

"అధ్యక్షుడైతే మా బడికి పెద్ద సంచి రావాలి గదండీ" అని చలమయ్య గొణుక్కుంటూ కూర్చున్నాడు.

"సార్, ఇందులో పుస్తకాలు పెట్టుకోవచ్చా?" అని సువార్త అడిగింది.

"బరువు పెరిగినచో చిత్రపటం సాగును. మహనీయుల ముఖవైఖరి మారును. పెట్టరాదు."

"అన్నం డబ్బా?"

"ఆహారపదార్థములని చెప్పితిని గదా."

"మరి ఇందులో ఏం పెట్టుకోవాలండీ?"

"స్ఫూర్తి" అన్నాడు వీరాంజనేయులు. చప్పట్లు మోగాయి.

ఆ మర్నాటి నుంచి మండలంలో టీచర్లందరూ రెండేసి సంచులతో తిరగసాగారు. ఒకటి సామానుకు, రెండోది ఖాళీగా మర్యాదకు. కప్పుల్లో ఎవరూ టీ తాగలేదు. మహనీయుల మొహానికి ఎంగిలి తగులుతుందని భయం. తాళాల బిళ్ళలకు తాళాలు తగిలించలేదు, గుచ్చుకుంటాయని. ఆటోవాళ్ళు "మనిషికో సీటు, బొమ్మకో సీటు" అని రెండు ఛార్జీలు వసూలు చెయ్యసాగారు.

సువార్త ఈ మర్యాదను ఒక నెల మోసింది. ఆ తర్వాత ఒకనాడు ఆమె పాత సంచి జిప్పు ఊడిపోయింది. ఆ రోజు పిల్లల కోసం ఇంటి దగ్గర చిలగడదుంపలు ఉడకబెట్టి ఉంచింది. వేడి దుంపల్ని చేత్తో పట్టుకోలేక మేరీ మామ్మ సంచిలో వేసుకుని బయల్దేరింది. కాలనీ మలుపులో ఆటో దిగేసరికి ఎదురుగా జీపు ఆగి ఉంది. జీపులో స్ఫూర్తి తనిఖీ బృందం. సంచిలోంచి ఆవిరొస్తోంది.

రెండు రోజుల్లో సంజాయిషీ నోటీసు వచ్చింది. సువార్త దాన్ని రెండుసార్లు చదివి, మరియమ్మకు గట్టిగా చదివి వినిపించింది.

"'మీరు సదరు తేదీ నాడు ఉదయం వేళ, మహోపాధ్యాయురాలి చిత్రపటమునకు సరిగ్గా వెనుకవైపున, అనగా మహనీయురాలి అంతర్భాగమున, ఉడికించిన దుంపజాతి పదార్థములను ఉంచి, సదరు చిత్రపటమునకు చెమట పట్టునట్లు చేసినారు. ఇందుకు మిమ్ములను విధుల నుండి ఏల తప్పించరాదు?'"

"ఆమెకి కడుపులో దుంప పడితే ఈళ్ళకి నెప్పెందుకో" అంది మరియమ్మ.

సువార్త మాత్రం నోటీసును మడిచి పుస్తకంలో పెట్టింది. ఆమె సస్పెండయితే ఇంకో టీచరు రాడు. టీచరు లేని బడిని కలిపెయ్యడానికి ఆఫీసుకు ఇంకో కారణం అక్కర్లేదు. జవాబు రాద్దామని కూర్చుని, ఏం రాయాలో తోచక, సంచినే ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. లోపలి కుట్టులో తయారుచేసినవాళ్ళు చిన్న గుడ్డపీలిక కుట్టి ఉంచారు. ఇంగ్లీషులో నాలుగైదు వాక్యాలు. బానిసలుగా బతికిన తల్లిదండ్రులకు పుట్టిందని, ఊరి బయట నల్లపిల్లల కోసం బడి తెరిచిందని, పెన్సిళ్ళు లేక కాల్చిన పుల్లలతో రాయించిందని, సామాను పెట్టెలనే బల్లలుగా వేసిందని ఉంది. ఆ బడి నడపడానికి చిలగడదుంపల ముద్ద పెట్టి కాల్చిన రొట్టెలు చేసి అమ్మిందట.

సువార్త ఆ పీలిక మీద వేలు పెట్టి ఇంకోసారి చదివింది. తర్వాత జవాబు రాసింది. అందులో గొప్పలు పోలేదు. సదరు మహనీయురాలికి చిలగడదుంపలంటే గౌరవమే గాని అగౌరవం లేదని సంచిలోనే రాసి ఉందని, తనను మన్నించమని రాసింది.

ఆఫీసు ఆమెను మన్నించింది. అంతటితో ఊరుకుంటే ఆఫీసు ఎందుకవుతుంది? వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. బెథూన్ గారి చిత్రపటము గల ప్రతి సంచియందును ఇకమీదట ఒక చిలగడదుంప తప్పనిసరిగా ఉండవలెను. లేనిచో చర్య తీసుకొనబడును. అప్పటికి దుంపల కాలం అయిపోయింది. బెథూన్ వచ్చిన బడుల టీచర్లు సంతల వెంట పడ్డారు. ఒకాయన బంగాళాదుంపకు కుంకుమ రంగు పూసి తెచ్చి, తనిఖీలో చేతికి రంగంటి దొరికిపోయాడు. చలమయ్య మాత్రం సువార్తకు ఫోన్ చేసి, "అమ్మా, మా వాషింగ్టన్ గారు ఏవైనా కూరగాయలు తిన్నాడా? మా సంచి కూడా ఒకసారి చూసి చెప్పు" అని బతిమాలాడు. ఉన్న ఒక్క దుంపా సువార్త సంచిలో మొలకలెత్తింది. మొలకెత్తిన దుంపను తియ్యవచ్చునా, ఉంచవలెనా అని వీరాంజనేయులును అడిగితే, పైకి రాశానని చెప్పాడు.

ఇంతలో వానలొచ్చాయి.

మొదటి వానకే గదిలో ధారలు. పిల్లలందర్నీ ఒక మూలకు నెట్టి, దీవెనను తన కుర్చీలో కూర్చోబెట్టి, సువార్త గిన్నెలు పరిచింది. గోడకున్న మేకుకు సంచి వేలాడుతోంది. ఒక ధార తిన్నగా మేరీ మామ్మ నుదుటి మీద పడి ముత్యాల పేరు మీదుగా కారుతోంది. సువార్త సంచి తీసి పక్కన పెట్టబోయి, ఆగింది. ఫోన్ తీసుకుంది.

"సార్, కాలనీ బడి నుంచి సువార్తనండి. గది కారతా ఉంది."

"అమ్మా, కప్పుల సంగతి మన చేతుల్లో లేదని ఎన్నిసార్లు చెప్పాను?"

"పిల్లల సంగతి కాదు సార్. మేరీ బెథూన్ గారు తడుస్తున్నారు."

అవతల ఏదో కింద పడిన చప్పుడైంది.

"ఎంత తడిసింది?"

"నుదురు దాటింది సార్. మెడ దాకా వచ్చిద్ది ఇంకాసేపుంటే."

"గొడుగు పట్టండి! నేనొస్తన్నా!" ఫైలు భాష పూర్తిగా పోయింది. "అమ్మా, ఈ ముక్క ఎవురికీ చెప్పమాక!"

మర్నాడు ఇంజినీరొచ్చాడు. ఆ మర్నాడు మేస్త్రీలొచ్చారు. వాన తెరిపిచ్చినప్పుడల్లా పని చేసి, పాత కప్పు పగలగొట్టి కొత్త రేకులు వేసి, వాటి కింద చల్లదనానికి అట్టలు కూడా కొట్టారు. గోడలకు సున్నం వేశారు. ఇన్నేళ్ళ అర్జీలకు కదలని కప్పు ఒక సంచి తడిస్తే కదిలిందని తలచుకుని సువార్త నవ్వింది. ఆ నవ్వు సగంలోనే చేదయిపోయింది.

ఎందుకంటే పని ముగిశాక వీరాంజనేయులు తాళంకప్పతో వచ్చాడు.

"టీచర్ గారూ, ఈ గది ఇకమీదట స్ఫూర్తి మందిరము. చిత్రపటములకు తప్ప ఇతరులకు ప్రవేశము లేదు. పిల్లలను వరండాలో కూర్చోబెట్టండి."

"వరండాలో సగంమందే పడతారు సార్."

"మిగిలిన సగాన్ని ఆవరణలో."

"ఆవరణలో బురద, ఎండొస్తే ఎండ."

"నియమావళిలో పిల్లల ప్రస్తావన లేదమ్మా" అన్నాడు వీరాంజనేయులు. కాస్త సిగ్గుపడినట్టే ఉన్నాడు. కానీ తాళం మాత్రం వేశాడు.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళాక సువార్త వరండా మెట్టు మీద కూర్చుంది. కొత్త గది తాళం వేసి ఉంది. లోపల సంచీ, కప్పూ, బిళ్ళా పొడిపొడిగా ఉన్నాయి. బయట పిల్లలు కూర్చున్న చోట బురదలో చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి. ఆమెకు చదువుకునే రోజులు గుర్తొచ్చాయి. ఊరి బడిలో తమ కాలనీ పిల్లల వరసను గుమ్మం బయట కూర్చోబెట్టేవారు. అప్పుడు లోపల పిల్లలుండేవాళ్ళు, ఇప్పుడు సంచి ఉంది. అంతే తేడా అనుకుంది. మెట్టు మీద ఆమె పక్కనే అట్టపెట్టె ఉంది. అందులో సందర్శకుల కోసం పంపిన బ్యాడ్జీలు అలాగే ఉండిపోయాయి. ఆ బడికి సందర్శకులెవరొచ్చారు గనక.

ఒక బ్యాడ్జీ తీసి చూసింది. మామ్మ ఆమెకేసి ఎప్పట్లాగే ఓపిగ్గా చూసింది.

మర్నాడు ప్రార్థనయ్యాక సువార్త ఒక్కొక్క పిల్లనీ, పిల్లవాణ్ణీ పిలిచి చొక్కాకు బ్యాడ్జీ తగిలించింది. దీవెనకు అందరికంటే ముందు తగిలించింది. అంతకు ముందు మామ్మ కథంతా చెప్పింది. కాల్చిన పుల్లలతో రాశారంటే పిల్లలు నమ్మలేదు. దుంపరొట్టెల సంగతి మాత్రం వెంటనే నమ్మారు.

ఆ వారంలోనే ప్రత్యేకాధికారి గారు జిల్లాలోని మొట్టమొదటి స్ఫూర్తి మందిరాన్ని చూడటానికి స్వయంగా వచ్చారు. కారు దిగి, పూలదండ వేయించుకుని, రెండడుగులు వేసి ఆగిపోయారు. వరండా నిండా, ఆవరణ నిండా పిల్లలు నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి గుండె మీదా మేరీ మామ్మ.

"ఏమిటిది?" అన్నాడాయన.

"పిల్లలండి" అంది సువార్త.

"అది తెలుస్తూనే ఉంది. వారి మీద ఏమిటి?"

"మేరీ బెథూన్ గారండి."

"నేల మీదా!"

వీరాంజనేయులు మొహం తెల్లబోయింది. "లెగండ్రా! లెగండి!" అని చేతులూపాడు. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. ఒక చిన్నవాడు లేవబోయి బురదలో జారి బోర్లా పడ్డాడు. అధికారులిద్దరూ కెవ్వుమన్నారు. వాణ్ణి లేపి, ముందు బ్యాడ్జీ తుడిచి, తర్వాత గుర్తొచ్చి ముక్కు తుడిచారు.

"ఎప్పుడూ ఇలా నిలబెట్టే ఉంచండి" అని ప్రత్యేకాధికారి ఆజ్ఞాపించాడు.

"ఎంతసేపు నిలబడతారు సార్, పసిపిల్లలు? పొద్దెక్కేసరికి కూలబడతారు. చిత్రపటంతో సహా" అంది సువార్త. "ఎండ కూడా నేరుగా మొహానికి తగులుతోందండి. మామ్... మహనీయురాలి మొహానికి."

"లోపలికి పంపించండి మరి."

"లోపల మందిరమండి. మనుషులు పోకూడదని సారే తాళం వేశారు."

ప్రత్యేకాధికారి కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఇలాంటి చిక్కుముళ్ళు విప్పడానికే ప్రభుత్వం తనను నియమించిందన్న తృప్తి ఆయన మొహంలో మెల్లగా పరుచుకుంది.

"మనుషులు పోరాదు. చిత్రపటములు పోవచ్చును. వీరు ప్రస్తుతము చిత్రపటములు. తాళం తియ్యండి."

వీరాంజనేయులు ఆయన చెవి దగ్గరకు వంగాడు. "సార్, బ్యాడ్జీలు తీయించేస్తే పోద్దిగదండీ?"

"ధరించిన చిత్రపటమును తొలగించుట అగౌరవమని నియమావళిలో నేనే రాశానయ్యా! నా కలంతో నన్నే కొట్టమంటావా?"

తాళం తీశారు. పిల్లలు లోపలికి వెళ్ళి అలవాటుగా గచ్చు మీద కూర్చోబోయారు. "నేల!" అని మళ్ళీ కేకలు. చిత్రపటములు సగటున నేలకు అడుగున్నర ఎత్తున ఉండవలెనని అక్కడికక్కడే నిర్ణయమైంది. అంటే బెంచీలు. బెంచీల కోసం పై ఆఫీసుకు రాస్తే ఏడాది పడుతుంది, అంతవరకూ చిత్రపటములను ఎత్తి పట్టుకునేదెవరు? సాయంత్రానికల్లా మండలాఫీసులో అర్జీదారులు కూర్చునే బెంచీలన్నీ ట్రాక్టర్లో కాలనీ బడికి వచ్చేశాయి. దీవెన మొదటి బెంచీ మీద కూర్చుని కాళ్ళూపింది. కాళ్ళు నేలకు అందకపోవడం ఆ పిల్లకు ఎంత నచ్చిందంటే, బడి వదిలాక కూడా దిగనంది.

అక్కణ్ణుంచి పనులు వాటంతటవే జరిగిపోయాయి. చిత్రపటము మురికి గుడ్డ మీద ఉండరాదు కాబట్టి మూలపడి ఉన్న యూనిఫారాలు కదిలాయి. చిత్రపటమునకు దాహము వేయకపోయినా, మోసేవారికి దాహమేస్తే వంగి బోరు కొట్టవలసి వస్తుంది, వంగితే చిత్రపటము తలకిందులగును. అందుచేత కుళాయి వచ్చింది. మాన్పించిన తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని తీసుకొచ్చి వదిలారు. హైవే అవతలి నుంచి కూడా ఇద్దరు రైతులు తమ పిల్లల్ని దాటించి తెచ్చారు. "కాలనీ బడేంటి, ఊరి బడేంటి, కప్పు కారకుండా ఉంటే చాల్లే" అన్నాడు అందులో ఒకాయన, తనకే ఆశ్చర్యంగా.

కార్తీకం చలిలో దీవెన బడికి రాలేదు. చిత్రపటములు ప్రతిరోజూ హాజరు చూపవలెనన్న నియమం ప్రకారం సువార్త వీరాంజనేయులుకు ఫోన్ చేసి, ఒక చిత్రపటం రాలేదని చెప్పింది. జీపు సువార్తను కూడా ఎక్కించుకుని నేరుగా మరియమ్మ ఇంటికొచ్చింది. పిల్ల కుక్కి మంచంలో ముడుచుకుని పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, గురక వినబడుతోంది. బ్యాడ్జీ గౌను మీదే ఉంది.

"అయ్యా, నిరుడు ఇట్టాగే వచ్చింది. ఇది ఆ జబ్బే" అంది మరియమ్మ.

వీరాంజనేయులు పిల్లనూ చూశాడు, బ్యాడ్జీనీ చూశాడు. జీపు తలుపు తీశాడు. "ఎక్కమ్మా, ఎక్కు!"

ఒంగోలు ఆసుపత్రిలో వరస పెద్దదిగా ఉంది. వీరాంజనేయులు వరసను తోసుకుని డాక్టరు గది తలుపు తెరిచాడు. "అయ్యా, జిల్లా స్ఫూర్తి విభాగానికి చెందిన మహనీయురాలి చిత్రపటమండీ. పరిస్థితి బాగాలేదు." డాక్టరు చిత్రపటాన్ని చూడలేదు. పిల్ల గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు. "సమయానికి తెచ్చారు" అన్నాడు. సువార్త వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె పక్కనే వీరాంజనేయులు కూడా ఊరికే నిలబడి ఉన్నాడు. ఏ భాషలో మాట్లాడాలో ఆయనకు తోచలేదు.

పిల్ల కోలుకుని బడికొచ్చిన నాటికి ప్రత్యేకాధికారి గారు బదిలీ అయిపోయారు. కొత్తగా వచ్చినాయన నదుల మీద మోజున్నవాడు. బొమ్మలుంటే నదుల బొమ్మలే ఉండాలన్నాడు. మహనీయుల చిత్రపటము గల వస్తువులన్నియు తక్షణమే స్వాధీనపరచుకొనవలెనని ఉత్తర్వు వచ్చింది.

వీరాంజనేయులు ట్రాలీ ఆటోతో వచ్చాడు. చలమయ్య గారి వాషింగ్టన్ అప్పటికే అందులో తలకిందులుగా పడి ఉన్నాడు. సువార్త సంచి, కప్పు, బిళ్ళ తెచ్చి ఇచ్చింది. సంచిలోని గుడ్డపీలికను కత్తిరించి ఉంచుకుందామని ముందురోజు అనుకుంది. తీరా కత్తెర పట్టుకుంటే చెయ్యి రాలేదు.

పిల్లలు ఒక్కొక్కరే బ్యాడ్జీ విప్పి ఇస్తున్నారు. కొందరు విప్పేముందు మామ్మను ముద్దు పెట్టుకున్నారు. దీవెన వంతు వచ్చింది. విప్పబోయి ఆగి, గుప్పెట్లో బొమ్మను పట్టుకుని టీచరు మొహంలోకి చూసింది.

"టీచర్, బొమ్మ ఇచ్చేస్తే మళ్ళా కింద కూచోవాలా?"

గదిలో పిల్లలందరూ బెంచీల అంచులు పట్టుకున్నారు. వీరాంజనేయులు తలెత్తాడు. చేతిలో ఉన్న సామాన్ల పట్టీలో వరస వరసగా గళ్ళు ఉన్నాయి. ఆయన చూపు పిల్ల మీంచి బెంచీల మీదికి, అక్కణ్ణుంచి కప్పు మీదికి పోయింది. గొంతు సవరించుకున్నాడు.

"టీచర్ గారూ, ఉత్తర్వులో చిత్రపటము గల వస్తువులని ఉంది. బెంచీ మీద చిత్రపటం లేదు. కాబట్టి స్వాధీనం రాదు. కానీ ఇవి మీ దగ్గరెందుకున్నయ్యో ఏదో ఒకటి రాయాలి గదా. దేనికని రాయమంటారు?"

"పిల్లలు కూర్చోడానికని రాయండి సార్."

వీరాంజనేయులు కళ్ళజోడు పైకి తోసుకుని, పట్టీని పైనుంచి కింది దాకా వేలితో వెతికాడు. వెనక్కి తిప్పి అటువైపు కూడా చూశాడు.

"అట్టాంటి కాలమ్ లేదే అమ్మా" అన్నాడు. కలం మూత పెట్టి జేబులో పెట్టుకుని, బెంచీలను ఉన్నచోటే వదిలేసి, ఆటో దగ్గరికి నడిచాడు.